మేకపోతు గాంభీర్యం కాదు, ముందడుగు

"ధైర్యం లేకపోయినా ఉన్నట్టు నటించు. నటించగా నటించగా అదే వస్తుంది." భిలాయ్‌లో సివిక్ సెంటర్ నుంచి సుపేలా దాకా స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు నడిపేవాళ్లు ఈ మాటను మంత్రంలా జపిస్తున్నారు. ఛాతీ విరుచుకుని నిలబడు, ఎదుటివాడి కళ్లలోకి చూడు, గట్టిగా చెయ్యి కలుపు, గొంతు పెంచు. ఇదే పాఠం. ఫీజు కట్టిన పిల్లలు అద్దం ముందు నిలబడి ఇవన్నీ సాధన చేస్తున్నారు. అందులో మన పిల్లలే ఎక్కువ.

ఈ మాటలో సగం నిజం ఉంది, సగం మోసం ఉంది. మనవాళ్లలో కొందరు మోసాన్ని చూసి నిజాన్ని కూడా తోసిపుచ్చుతున్నారు. ఇంకొందరు నిజం ఉంది కదా అని మోసాన్ని కూడా మింగుతున్నారు. రెండూ మనకు చేటు చేసేవే. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఆ అద్దం ముందు నిలబడిన పిల్లలెవరో చూద్దాం. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ మొదలైంది. ఆ కాలంలోనే శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి మన తాతలు మూటాముల్లె సర్దుకుని రైలెక్కారు. సొంత ఊళ్లో పెద్దకులం వీధిలో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచిన మనిషి, ఇక్కడ తలకు హెల్మెట్ పెట్టుకుని, కాళ్లకు బూట్లు తొడుక్కుని, అన్ని కులాలవాళ్లతో ఒకే షిఫ్టులో కరిగిన ఇనుము ముందు నిలబడ్డాడు. అతనికి ధైర్యం ఎవరూ క్లాసులో నేర్పలేదు. పనిలోకి దిగాడు, పని నేర్చాడు, నేర్చిన పనే అతని వెన్ను నిటారుగా నిలబెట్టింది.

మనవళ్ల కాలానికి ఆ దారి ఇరుకైపోయింది. 1980ల చివర్లో అరవై వేలు దాటిన స్టీల్ ప్లాంట్ రెగ్యులర్ ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు అందులో సగం కూడా లేదు. తాత చేసిన పనే ఇప్పుడు మనవడు కాంట్రాక్టర్ కింద చేస్తున్నాడు. గేట్ పాస్ ఎప్పుడు ఆగిపోతుందోనని మాట మింగుతున్నాడు. చదువుకున్నవాడు ఇంటర్వ్యూ గది బయట కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడు. ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, బడిలో హిందీ, ఇంటర్వ్యూలో ఇంగ్లిష్. మూడింటిలోనూ ఎవరో ఒకరు నవ్వుతారేమోనని భయం.

దానికి తోడు పేరు. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. హిందీ నేలలో పేరు చివర ఏదో ఒకటి ఉండాలి. "పూరా నామ్ క్యా హై?" అని అడిగేది మర్యాదకు కాదు, కులం తెలుసుకోవడానికి. భిలాయ్‌లో మన తెలుగువాళ్లకు దొరికిన మందు 'రావు'. ఏ కులంవాడైనా రావే. అడిగినవాడికి జవాబు దొరికినట్టే ఉంటుంది, ఏమీ తెలియదు. ఆ రెండక్షరాల చాటున రెండు తరాలు గడిపిన ఇళ్లు మన బస్తీల్లో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. అలా బతికిన వాళ్లను నేను తప్పుపట్టను. వానలో తడుస్తున్నవాడు దొరికిన చూరు కింద నిలబడతాడు. కానీ చూరు కింద నిలబడినవాడికి ఇల్లు కట్టుకున్న ధైర్యం రాదు. చాటు ఎప్పుడు తొలగుతుందో అన్న బెదురు పక్కనే ఉంటుంది.

ఇలాంటి పిల్లవాడితో ట్రైనర్ మొదటి రోజే అనే మాట: "నీలో ఆత్మవిశ్వాసం లేదు." రక్తం లేదు, విటమిన్ లేదు అన్నట్టు. ఆ బెరుకు వాడి ఒంట్లో పుట్టిన జబ్బు కాదు. వేల ఏళ్లుగా చెప్పి, కొట్టి, దూరంగా నిలబెట్టి నేర్పిన పాఠం. ఎవరు నేర్పారో అడగకుండా, దాన్ని వాడి సొంత లోపంగా రాసి, ఆ లోపానికి ఫీజు వసూలు చేయడమే మోసంలో మొదటి భాగం.

రెండో భాగం వాళ్లు అమ్మే మందులో ఉంది. రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుని కాళ్లు ఎడంగా పెట్టి నిలబడితే ధైర్యం వస్తుందని చెబుతారు. ఇది 2010లో అమెరికాలో డానా కార్నీ, ఎమీ కడ్డీ, ఆండీ యాప్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన చిన్న అధ్యయనం నుంచి వచ్చింది. పరీక్షించింది 42 మందిని. అలా నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారతాయని, సాహసం పెరుగుతుందని రాశారు. 2012లో కడ్డీ చేసిన ప్రసంగంతో అది ప్రపంచమంతా పాకింది. 2015లో వేరే పరిశోధకులు 200 మందితో అదే పరీక్ష చేస్తే హార్మోన్లలో తేడా కనిపించలేదు, సాహసించడంలోనూ తేడా కనిపించలేదు. బలంగా ఉన్నట్టు అనిపించిందని మాత్రం జనం చెప్పారు. 2016లో కార్నీ స్వయంగా, ఈ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా ప్రకటించింది. మొదట చెప్పినవాళ్లలో ఒకరు తప్పుకున్నారు. మన ఊరి క్లాసుల్లో పాఠం మాత్రం మారలేదు.

ఆ ఫలితాన్ని ఇంకోసారి చూడండి. అనిపించడం ఉంది, చేయడం లేదు. దీనికి మన భాషలో పాత పేరే ఉంది: మేకపోతు గాంభీర్యం. సింహం గుహలో దూరిన మేకపోతు, సింహాన్ని చూసి గడ్డం ఊపి గొప్పలు పోయి ఆ పూటకు బతికి బయటపడింది. కథ అక్కడితో ఆగుతుంది. ఆ మేకపోతు మర్నాడు కూడా అదే గుహలో కాపురం చేయాల్సి వస్తే? ప్రతి రాత్రీ గడ్డం ఊపుతూనే ఉండాలి. నటనతో ఒక ఇంటర్వ్యూ దాటవచ్చు. ముప్పై ఏళ్ల ఉద్యోగం, ఒక కాలనీలో కాపురం, పిల్లల పెళ్లిళ్లు నటనతో దాటలేం. నటించే మనిషికి ఎదుటివాడి భయం పోలేదు. దానిపైన పట్టుబడతానేమో అన్న భయం కొత్తగా వచ్చి చేరింది.

మరి నిజమైన సగం ఏమిటి? భావం వచ్చేదాకా ఆగకుండా పనిలోకి దిగాలన్నదే ఆ నిజం. ఏడవడం వల్ల దుఃఖం కలుగుతుందనీ, వణకడం వల్ల భయం కలుగుతుందనీ, ఒంటి కదలికే ముందనీ 1884లోనే విలియం జేమ్స్ అనే మనస్తత్వవేత్త వాదించాడు. ఆ వాదం మీద చర్చ ఇంకా ఉంది. 1977లో ఆల్బర్ట్ బండూరా చెప్పింది మనకు ఇంకా పనికొస్తుంది. 'నేను చేయగలను' అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది అని అడిగి ఆయన నాలుగు దారులు చూపాడు. ఒకటి, తాను స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. రెండు, తనలాంటివాడు నెగ్గడం కళ్లారా చూడటం. మూడు, ఇతరులు చెప్పే ప్రోత్సాహపు మాట. నాలుగు, ఆ సమయంలో ఒళ్లు ఎలా ఉందన్నది. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిది అన్నాడు. మన ట్రైనర్లు అమ్మేది మూడూ నాలుగూ. మొదటి రెండూ వాళ్ల కొట్లో దొరకవు. అవి సమాజంలో దొరకాలి.

నీళ్లలోకి దిగకుండా ఈత రాదు. ఒడ్డున నిలబడి చేతులాడిస్తే కూడా రాదు. మొదటిది భయస్తుడి తప్పు, రెండోది నటుడి తప్పు.

దిగినవాళ్లను చూద్దాం. భిలాయ్‌కి కూతవేటు దూరంలోని గనియారీ గ్రామంలో 1956లో పార్ధీ తెగలో పుట్టింది తీజన్ బాయి. పాండవుల కథను పాటగా చెప్పే పండవానీలో అప్పటిదాకా ఆడవాళ్లు కూర్చుని మాత్రమే పాడేవాళ్లు. నిలబడి, అడుగులేసి, ఆడి చూపే కాపాలిక శైలి మగవాళ్లది. పదమూడేళ్ల వయసులో ఆమె దుర్గ్ ప్రాంతంలోని చంద్రఖురి గ్రామంలో తంబూరా పట్టుకుని నిలబడి పాడింది. ఆడపిల్ల పాడిందని సొంత కులమే వెలివేసింది. గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగు దగ్గర గిన్నెలు అడిగి తెచ్చుకుని బతికింది తప్ప మళ్లీ కూర్చోలేదు. తరువాత భిలాయ్ స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి. ఆమె పాడింది మహాభారతం కదా, మనకెందుకు అని కొందరు మిత్రులు అడుగుతారు. నేను కథ గురించి మాట్లాడటం లేదు, నిలబడటం గురించి మాట్లాడుతున్నాను. బడికి పోని ఆ పిల్ల పాడటం వచ్చి నిలబడింది. ఆమె నిలబడటానికీ, అద్దం ముందు నిలబడటానికీ తేడా అదే. ఆమె చేతిలో తంబూరా ఉంది, గొంతులో పాట ఉంది, ఎదురుగా వద్దన్నవాళ్లున్నారు.

ఇక మహాడ్. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలి, ప్రభుత్వ నిధులతో కట్టిన, నడిపే చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలని తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ కూడా తన చౌదార్ చెరువును తెరుస్తూ తీర్మానం చేసింది. కాగితం మీద హక్కు వచ్చి మూడేళ్లు గడిచినా ఒక్కరూ ఆ నీళ్లు ముట్టలేదు. ఎందుకంటే భయం పోలేదు. భయం పోయాక వెళ్దాం అనుకుంటే ఈ రోజుకీ వెళ్లేవాళ్లు కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ ముందు నడిచి దోసిలితో నీళ్లు తాగారు, వెనుక వేలమంది తాగారు. ఆ వేలమందికి ఆ ఉదయం గుండె దడ లేదని ఎవరు చెప్పగలరు? దడతోనే తాగారు. తిరిగి వెళ్తుంటే కర్రలతో దాడి జరిగింది. చెరువును 'శుద్ధి' చేశారు. మున్సిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కోర్టులో తుది గెలుపు వచ్చింది 1937లో, పదేళ్లకు. గెలుపు వచ్చాక ధైర్యం రాలేదు. ఆ దోసిలితోనే ధైర్యం మొదలైంది.

అదే ఏడు డిసెంబరులో మళ్లీ మహాడ్‌లోనే బాబాసాహెబ్ ఆడవాళ్లతో మాట్లాడారు. అంటరానితనానికి గుర్తుగా మోకాళ్ల పైకి చీర కట్టే అలవాటునూ, బరువైన చవక నగలనూ వదిలేయమన్నారు. మిగతా ఆడవాళ్లలాగే పాదాల దాకా చీర కట్టమన్నారు. ఆ తల్లులు ఆలోచించుకుని చెబుతాం అనలేదు. వెంటనే కట్టు మార్చారు.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. పెద్దకులం ఆడవాళ్లలా చీర కట్టడం నటన కాదా? పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం కాదా? బాబాసాహెబ్ సూటూ బూటూ కూడా అదే కదా అని మన విరోధులు వెక్కిరిస్తూనే ఉన్నారు. నా జవాబు ఇది. మహాడ్‌లో ఆ ఆడవాళ్లు ఎవరో ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసినవాళ్ల కళ్ల ముందే, తమ సొంత పేరుతోనే, తమ మీద రుద్దిన గుర్తును తీసి పారేశారు. బాబాసాహెబ్ సూటు వేసుకుని తాను మహర్‌ను కానని ఎక్కడా చెప్పలేదు. ఆ సూటులోనే వెళ్లి తన జనం తరఫున మాట్లాడారు. చేసే పని మనల్ని దాచిపెడుతోందా, మనల్ని మనంగా నిలబెడుతోందా? ఇదే గీటురాయి. దాచిపెడితే నటన. నిలబెడితే ఆచరణ. ఒకే చీర, ఒకే సూటు, ఒకే ఇంగ్లిష్ మాట రెండింటికీ పనికొస్తాయి. అందుకే వేషాన్ని చూసి తీర్పు చెప్పకూడదు.

తెలుగు నేల మీద దీనికి మనకు సొంత ఉదాహరణ ఉంది. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించిన భాగ్యరెడ్డి వర్మ ఆ సభకు అధ్యక్షుడు. సభకు వచ్చినవాళ్లు గుళ్లోకి వస్తారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. అలాంటి ఊళ్లో కూర్చుని వాళ్లు, మేం పంచములం కాము, ఆది ఆంధ్రులం, ఈ నేలకు మొదటివాళ్లం అని ప్రకటించుకున్నారు. ఆ రోజుకు వాళ్ల చేతిలో భూమి లేదు, ఓటు లేదు, బావి లేదు. ఉన్నది ఆ పేరు పలికే నోరు. దాన్ని పలికి, రాసి, అర్జీల్లో పెట్టి, చివరికి ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కించారు. 'రావు' వెనుక దాక్కోవడానికీ, 'ఆది ఆంధ్ర' అని చెప్పుకోవడానికీ మధ్య ఎంత దూరముందో చూడండి. రెండూ కొత్త పేర్లే. ఒకటి తల దించి పెట్టుకున్నది, ఇంకొకటి తల ఎత్తి పెట్టుకున్నది.

ఇప్పుడు నా రెండో తగాదా, మన సొంత మనుషులతో. "కులం పోకుండా ఆత్మవిశ్వాసం ఎక్కడినుంచి వస్తుంది? ముందు వ్యవస్థ మారాలి" అని మన సభల్లో గంభీరంగా చెప్పే పెద్దలున్నారు. మాట వినడానికి విప్లవంలా ఉంటుంది. పని దగ్గరికి వచ్చేసరికి అది ఒక సెలవు చీటీ. వ్యవస్థను మార్చేది ఎవరు? జంకు పోని మనుషులే మార్చాలి, వేరేవాళ్లు రారు. మహాడ్‌కు వెళ్లినవాళ్లు కులం పోయాక వెళ్లలేదు. కులం ఉండగా, కులం మీదికి వెళ్లారు.

"చెప్పడం తేలికే, దెబ్బలు తినేది ఎవరు?" అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. ఆ దెబ్బల ధర భిలాయ్‌కి తెలిసినంతగా ఏ ఊరికి తెలుసు? 1991 సెప్టెంబరు 28న కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని ఇదే ఊళ్లో నిద్రలో కాల్చి చంపారు. మరుసటి ఏడు జులై 1న పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఎందరో నేలకొరిగారు. అందుకే ట్రైనర్ మాట ఇక్కడ మరీ ప్రమాదకరం. వాడు ఒంటరి కుర్రాడిని ఎగదోసి పంపుతాడు. దెబ్బ తగిలితే నీ ఆత్మవిశ్వాసం చాలలేదంటాడు. పెద్దకులం పిల్లవాడు ధీమాగా మాట్లాడితే చురుకైనవాడు, మన పిల్లవాడు అలాగే మాట్లాడితే పొగరుబోతు. ఈ తేడాను ఏ క్లాసూ చెప్పదు. మహాడ్ దీనికి జవాబు చెప్పింది: ఒక్కడే వెళ్లవద్దు. కలిసి వెళ్లండి. ఒక్కడి గుండె దడ భయం, వేలమంది గుండె దడ ఊరేగింపు.

మాట దగ్గరికి వస్తే, ఆత్మను ఒప్పుకోని మనకు 'ఆత్మవిశ్వాసం' అన్న పదమే కొంచెం ఇబ్బంది. పాళీలో దీనికి మంచి మాట ఉంది. 'సారజ్జ' అంటే జంకు. అది లేనివాడు 'విసారదుడు'. తెలుగులో హిందీ విశారద, సంగీత విశారద అని మనం అనే మాట దీనికి తోబుట్టువే. మనకు అది 'నేర్పరి' అయింది. పని వచ్చినవాడికే జంకు ఉండదన్న అనుభవం ఆ ఒక్క మాటలో దాగి ఉంది. పాటలిగామంలో బుద్ధుడు మామూలు గృహస్థులతో మాట్లాడుతూ శీలం పాటించడం వల్ల కలిగే ఐదు లాభాలు చెప్పాడు. అందులో మూడోది, ఏ వర్గంవాళ్ల సభలోకైనా బెరుకు లేకుండా వెళ్లగలగడం. వరసను గమనించండి. మొదట ఆచరణ, దాని ఫలంగా ధైర్యం. ధైర్యం వచ్చాక శీలం పాటిద్దామని ఆయన చెప్పలేదు. ధైర్యం ఉన్నట్టు నటించమనీ చెప్పలేదు.

అయితే భిలాయ్‌లో ఏం చేద్దాం? క్లాసుల ఫీజు కంటే తక్కువ ఖర్చుతో అయ్యేవే చెబుతాను.

ఆదివారం బుద్ధవందనను ఎప్పుడూ ఒకే పెద్దమనిషి నడిపించడం ఆపుదాం. ఈ వారం ఇంతవరకు నోరు విప్పని పిల్లతో నడిపిద్దాం. తప్పు చదివితే నవ్వని సభ ఆమెకు మొదటిసారి దొరకాలి. సభకు అధ్యక్షత వారానికొకరికి ఇద్దాం, ముఖ్యంగా ఇంటి పని చేసి వచ్చే తల్లులకు.

ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనవాళ్లు ప్రతి బస్తీలో ఉన్నారు. వాళ్లు నలుగురు బల్ల వేసుకుని కూర్చుని పిల్లలకు ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేయాలి. పుస్తకంలోని ప్రశ్నలే కాదు, బయట పడబోయే మాటలు కూడా అడగాలి: పూరా నామ్ క్యా హై, కోటాలో వచ్చావా, ఇంగ్లిష్ రాదా. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పి, కోటా నా హక్కు అని చెప్పి, తరువాతి ప్రశ్నకు జవాబు చెప్పడం పదిసార్లు మనవాళ్ల ముందు చేసినవాడికి పదకొండోసారి బయటివాళ్ల ముందు గొంతు పట్టేయదు. పట్టేసినా జవాబు మాత్రం వస్తుంది.

కాంట్రాక్ట్ పనిలో ఉన్నవాడు పే స్లిప్ అడగడానికి ఒంటరిగా వెళ్లకూడదు. వెళ్లేటప్పుడు ఐదుగురు ఉండాలి, ఆ ఐదుగురూ రాతపూర్వకంగా అడగాలి. చిన్న కాగితమే. కానీ దాన్ని అడిగి తెచ్చుకున్న మనిషి రెండో కాగితం అడగడానికి ఎవరి ప్రసంగమూ వినక్కర్లేదు.

కాబట్టి క్లాసులకు వెళ్లే పిల్లలను ఆపమని నేను అనను. ఇంగ్లిష్ నేర్చుకోనివ్వండి, మంచి చొక్కా వేసుకోనివ్వండి, ఎదుటివాడి కళ్లలోకి చూడనివ్వండి. అవి ఎవడి అబ్బ సొత్తూ కాదు. వాళ్లతో ఒక్క మాట చెప్పి పంపండి. కాళ్లు వణుకుతుంటే వణకనీ, దాచవద్దు. ఆ వణికే కాళ్లతోనే లోపలికి నడువు. నీ పేరు నీ నోటితో చెప్పు. బయట మేం ఉంటాం.